వదినగారి తెల్ల గౌను

కృష్ణకుమారికి దయ్యం పట్టిందన్న కబురు శనివారం మధ్యాహ్నం ఆష్‌బర్న్‌లో పుట్టి, ఆదివారం సాయంత్రానికల్లా టెక్సాస్‌లోని ప్లేనో చేరింది. దారిలో ఎక్కడెక్కడ ఆగిందో తెలియదు గానీ, ఆగినచోటల్లా కాస్త ఒళ్ళు చేసి మరీ బయల్దేరింది.

మొదట చూసింది అదే కాలనీలో ఉండే లలిత. చచ్చిపోయిన వియ్యపురాలి బట్టలు వేసుకుని, మెడలో వెండి కాసుల పేట తగిలించుకుని, తలకి రుమాలు కట్టుకుని కృష్ణకుమారి భోజనాల బల్ల దగ్గర కూర్చుందట. రష్యా కోడలు ఎదురుగా కొవ్వొత్తులు వెలిగించి "అమ్మా" అని పిలుస్తోందట. కృష్ణకుమారి గుడ్లురిమి, తనది కాని గొంతుతో, ఎవరిదో తెలియని భాషలో అరిచిందట. ఇంతవరకు లలిత చెప్పింది. ఇండియన్ స్టోర్‌లో కరివేపాకు ఏరుకుంటున్నవాళ్ళ మధ్య ఈ కథలోకి ఒక సీసా వచ్చింది. వాకింగ్ ట్రైల్ మీద ఆ సీసాలోకి వోడ్కా వచ్చింది. టెక్సాస్ చేరేసరికి కోడలు ముగ్గు వేసి, మధ్యలో అత్తగారిని కూర్చోబెట్టి, ఆస్తి కాగితాలు అడిగింది.

ప్లేనోలో ఉన్న చెల్లెలు ఉమామహేశ్వరి ఫోన్ చేసింది.

"అక్కా, నువ్వేనా మాట్లాడేది?"

"నా ఫోన్‌లో నేను కాక ఎవరు మాట్లాడతారే?"

"అదే కనుక్కుందామని. నిన్న తాగావటగా?"

"తాగాను. మజ్జిగ."

"మజ్జిగ తాగి ఎవరన్నా చిందులు వేస్తారా అక్కా?"

"వెయ్యాల్సివస్తే వేస్తారు," అని కృష్ణకుమారి ఫోన్ పెట్టేసింది. పప్పులోకి పోపు మాడిపోతోంది మరి.

కృష్ణకుమారిది నరసరావుపేట. భర్త పోయాక కొడుకు ఫణికుమార్ గ్రీన్ కార్డ్ తెప్పించి తన దగ్గరే పెట్టుకున్నాడు. ఫణి డాక్టర్ అవుతానని రష్యాలో యోష్కర్-ఓలా అనే ఊరు వెళ్ళి, అక్కణ్ణుంచి ఒక డిగ్రీతోనూ, ఐవిక అనే అమ్మాయితోనూ తేలాడు. అమెరికా వచ్చాక డిగ్రీ పరీక్షల్లో నిలవలేదు, ఐవిక నిలిచింది. ఇప్పుడు అతను ఆసుపత్రుల బిల్లులు లెక్క కట్టే సాఫ్ట్‌వేర్ రాస్తాడు. ఆమె ఆసుపత్రి ల్యాబ్‌లో రక్తపరీక్షలు చేస్తుంది. "మా ఇంట్లో రోగం తప్ప ఆసుపత్రికి కావలసినవన్నీ ఉన్నాయి" అంటుంది కృష్ణకుమారి.

ఊళ్ళో తెలుగువాళ్ళందరికీ ఐవిక రష్యా కోడలు. నిజానికి ఆమె రష్యన్ కాదు, మారీ. వోల్గా నది దాపున, అడవుల మధ్య ఊళ్ళు కట్టుకుని బతికిన జాతి అది. భాష వేరు, బట్ట వేరు, చెట్ల కింద మొక్కే దేవుళ్ళు వేరు. వచ్చిన కొత్తలో ఐవిక ఇదంతా ఓపిగ్గా చెప్పేది. విన్నవాళ్ళు తలూపి, "అంటే రష్యాలో అదొక కులమా?" అని అడిగేవారు. కొన్నాళ్ళకి ఆమె కూడా "రష్యానే అండీ" అనడం మొదలుపెట్టింది. యోష్కర్-ఓలా హాస్టల్లోనూ అలాగే చెప్పుకునేదట. అక్కడ బస్సులో మారీలో గట్టిగా మాట్లాడితే పక్కవాళ్ళు వెనక్కి తిరిగి చూసేవారట. అక్కడ రష్యన్ అయింది, ఇక్కడికొచ్చి తెలుగైంది. మధ్యలో మారీగా ఉండడానికి ఆమెకి తీరిక దొరకలేదు.

ఆ తీరిక ఉన్నది ఆమె తల్లికి. పాస్‌పోర్ట్‌లో ఆవిడ పేరు జోయా. ఇంట్లో చాచావి. అక్కడ వాళ్ళ ఊళ్ళో బడి మూతపడి, కొట్టు మూతపడి, ఎదురింటివాళ్ళు తలుపులకి పలకలు కొట్టేసి వెళ్ళిపోయాక, ఐవిక ఆవిడని ఆష్‌బర్న్ తీసుకొచ్చింది. ఆవిడ వెంట ఒక పెట్టె వచ్చింది. ఆ పెట్టెలో ఎండు పుట్టగొడుగులు, ఎర్రదారంతో కుట్టుపని చేసిన తెల్ల గౌను, కాసుల పేట ఉన్నాయి. చూసిన కృష్ణకుమారి, "వదినగారు పెళ్ళికి వచ్చినట్టు వచ్చారే" అంది. చాచావి తనూ ఏదో అంది. ఏమన్నదో ఎవరూ చెప్పలేదు. కృష్ణకుమారి మాత్రం దాన్ని వెక్కిరింత కిందే జమ కట్టుకుంది.

ఇద్దరు వియ్యపురాళ్ళూ నాలుగేళ్ళు ఒకే వంటింట్లో ఉన్నారు. ఒకరి భాష ఒకరికి రాదు. రాకపోవడం వల్ల పోట్లాటలు తగ్గుతాయని ఫణి అనుకున్నాడు. పెరిగాయి. భాష వస్తే ఎక్కడో ఒకచోట ఎదుటిమనిషి మాటకి జవాబు చెప్పాలి. రాకపోతే ఆ బెడద లేదు. కృష్ణకుమారి తెలుగులో, చాచావి మారీలో, పొయ్యికి చెరో పక్కన నిలబడి, ఎవరి పాట వాళ్ళు పాడేవారు. కృష్ణకుమారి డెక్ మీద వడియాలు పెడితే చాచావి వాటిని పక్కకి జరిపి పుట్టగొడుగులు పరిచేది. చాచావి ట్రెడ్‌మిల్ మీద అల్లం ఆకుల్లాంటివేవో ఆరబెడితే కృష్ణకుమారి దాన్ని ఆన్ చేసేది. పోపు ఘాటుకి కృష్ణకుమారి పెరటి తలుపు బార్లా తీసేది. చలిగాలి తగలగానే చాచావి "ఓమ్సమ్ పెతిరె!" అని కేకవేసి వచ్చి మూసేది. తలుపు మూయమని. పప్పు నోట్లో పెట్టుకోగానే "షించాల్!" అని పళ్ళెం ముందుకి తోసేది. ఉప్పు చాలలేదని. కృష్ణకుమారి ఉప్పు డబ్బా ఆవిడ ముందు దబ్బున పెట్టి, "వెయ్యండి వదినగారూ, సముద్రం చేసుకోండి" అనేది.

అట్లని వాళ్ళు ఎప్పుడూ కలిసి తిరగలేదని కాదు. మొక్కుకోవడానికి ఒక మంచి చెట్టు కావాలని చాచావి ఊరంతా వెతికింది. కాలనీలో ఉన్నవి కట్టెలకి కట్టి నిలబెట్టిన పిల్లమొక్కలు. చివరికి ఒక డేటా సెంటర్ కంచె పక్కన పెద్ద చెట్టొకటి దొరికింది. రొట్టె పట్టుకుని చాచావి, ఆవిడ తప్పిపోతుందేమోనని వెనకాల కృష్ణకుమారి. సెక్యూరిటీ అతను కార్ దిగి వచ్చేసరికి ఒకావిడ చెట్టుకి మొక్కుతోంది, ఇంకొకావిడ ఎలాగూ వచ్చాను కదా అని చుట్టూ ప్రదక్షిణం చేస్తోంది. "ప్రేయర్," అంది కృష్ణకుమారి. అతను ఇద్దరినీ చూసి, టోపీ తీసి, ముగిసేదాకా నిలబడ్డాడు.

ఈ చలికాలం న్యుమోనియా వచ్చి చాచావి పోయింది. ఖననం అయింది, పనులన్నీ అయ్యాయి, ఐవిక ల్యాబ్‌కి వెళ్తోంది, వస్తోంది. కానీ తిండి తినడం లేదు. పళ్ళెం ముందు కూర్చుని గుమ్మం వైపు చూస్తుంది. ఒకరోజు కృష్ణకుమారి చెత్తబుట్ట పెట్టడానికి గరాజ్‌లోకి వెళ్తే, ఐవిక కార్ ఆపుకుని స్టీరింగ్ మీద తల పెట్టి ఏడుస్తోంది.

"ఏమైందే? ఎవరన్నా ఏమన్నా అన్నారా?"

"ఆమె రానంది అత్తయ్యా."

"ఎవరు?"

ఐవిక తెలుగు కృష్ణకుమారి దగ్గర నేర్చుకున్నదే. ఏడుస్తున్నా పల్నాటి యాస పోలేదు. "మా వాళ్ళలో చచ్చిపోయినోళ్ళు నలభై రోజులు ఇంట్లోనే ఉంటారు. నలభయ్యో రోజు వాళ్ళ బట్టలు వేసుకుని ఒకళ్ళు కూర్చోవాల. కూర్చున్నంతసేపు వాళ్ళే అమ్మ. మేం అన్నం పెట్టి, మాట్లాడి, ఆడించి, అప్పుడు రోడ్డుదాకా సాగనంపుతాం. కూతురు కూర్చోకూడదు. ఆ వయసు ఆడమనిషే కావాల."

"కూర్చోకపోతే?"

"అమ్మకి వెళ్ళమని ఎవరు చెప్తారు? ఆకలితో గుమ్మంకాడే ఉంటది."

మనిషి కోసం ఐవిక వెతకని చోటు లేదు. తల్లి ఊళ్ళో మిగిలిన ఒక్క ముసలావిడ కూతురి దగ్గరికి కజాన్ వెళ్ళిపోయిందట. పెద్దమ్మ కూతురు రష్యన్‌లో జవాబిచ్చింది: "ఇప్పుడు అవన్నీ ఎవరు చేస్తున్నారు, చర్చిలో కొవ్వొత్తి పెట్టెయ్." షికాగోలో ఒకతను ఉన్నాడు, కానీ అతను మగాడు, పైగా మర్చిపోయానన్నాడు. ఫిలడెల్ఫియాలో ఒక అమ్మాయి ఎగిరి గంతేసింది. మారీ అని చెప్పుకోవడం ఆమెకి మహా ఇష్టం, చేతి మీద మారీ కుట్టు డిజైన్ పచ్చబొట్టు కూడా వేయించుకుంది. భాష ఒక్క ముక్క రాదు. "స్క్రిప్ట్ పంపండి, ప్రాక్టీస్ చేసుకొస్తా. వయసుదేముంది, మేకప్ ఉంది," అంది. ఆఖరికి బాల్టిమోర్‌లో ఒక పెద్దావిడ దొరికింది. వయసు సరిపోయింది, భాష వచ్చు, వస్తానంది. ఈరోజు ఫోన్ చేసి, తను మతం మారానని, ఇవన్నీ సైతాను పనులని పాస్టర్ గారు చెప్పారని, రానంది.

"ఇంత పెద్ద అమెరికాలో ఒక్క మనిషి దొరకలేదా?" అంది కృష్ణకుమారి. అనేసి ఆలోచనలో పడింది. మనకైతే ఈ బాధ లేదు, కోట్లమందిమి ఉన్నాం అనుకుంది. అంతలో మనవరాలు నీహారిక గరాజ్ తలుపులోంచి తల పెట్టి, "నానమ్మా, what's for dinner?" అంది. తొమ్మిదేళ్ళ పిల్ల. "అన్నంలోకి ఏంటి అని అడగవే," అంది కృష్ణకుమారి. "అన్నం is rice, I know. What else?" అంది పిల్ల. కృష్ణకుమారి కోట్ల లెక్క అక్కడితో ఆపేసింది.

ఆ తర్వాత రెండు రోజులు ఆవిడకి ఏ పని మీదా మనసు నిలవలేదు. పోయినవాళ్ళ బట్ట తాకితేనే మైల. అలాంటిది కట్టుకోవడం! ఆలోచించి ఆలోచించి ఆవిడ మనసు తన భర్త తద్దినం దగ్గర ఆగింది. పోయినేడు గుళ్ళో పెట్టించారు. భోక్తగా కూర్చోవడానికి పురోహితుడు ఒక డేటా సెంటర్ ఇంజనీర్‌ని పట్టుకొచ్చాడు. విస్తట్లో అన్నీ వడ్డించాక అతను చేతులు జోడించి, "నేను ఇంటర్మిటెంట్ ఫాస్టింగ్‌లో ఉన్నానండీ, గారెలు ప్యాక్ చేసేయండి," అన్నాడు. ఆ ఏడాది మామగారు పార్సిల్ పట్టుకెళ్ళారని ఐవికతో చెప్పి నవ్వింది కూడా. నవ్వింది గానీ లోపల కలుక్కుమంది. తిన్నాడో లేదో అన్న బెంగ ఆవిడకి ఇప్పటికీ ఉంది.

మూడోనాడు కాఫీ తాగుతూ, "భోక్తగా నేను కూర్చుంటా," అంది.

ఫణి కప్పు కింద పెట్టేశాడు. "అమ్మా! పోయినవాళ్ళ బట్టలమ్మా!"

"తలంటుకుంటే పోయే మైలకి తల పట్టుకుంటావేంరా?"

"బయట తెలిస్తే?"

"నువ్వు చెప్పకపోతే ఎట్లా తెలుస్తుంది?"

ఐవిక లేచి వచ్చి అత్తగారి పక్కన కూర్చుంది. "ఆరోజు అట్లు గుడ్డుతో వెయ్యాల అత్తయ్యా. అమ్మకి ఇష్టం," అంది.

"మీ అమ్మకి ఇష్టమే. నోరు నాది."

బేరం నడిచింది. గుడ్డు బదులు పెరుగు. ఇంట్లో కాచిన బీరు బదులు మజ్జిగ. ప్రతి వంటకంలోంచి ఒక ముక్క తుంచి పోయినవాళ్ళ కోసం గిన్నెలో వేసి, దాన్ని తర్వాత కుక్కకి పెట్టాలట. మనకి కాకి, వాళ్ళకి కుక్క, అందులో ఇబ్బందేమీ కనిపించలేదు కృష్ణకుమారికి. ఇబ్బంది పక్కింటి కుక్కతో వచ్చింది. దానికి గోధుమపిండి పడదని, డాక్టర్ వద్దన్నాడని పక్కింటావిడ చెప్పింది. చివరికి ఫణి ఆఫీస్‌లో ఒక కొలీగ్ కుక్క తినడానికి ఒప్పుకుంది.

శనివారం వచ్చింది. గౌను భుజాల దగ్గర బిగుతుగా, పొడవు సరిగ్గా ఉంది. ఐవిక రుమాలు కట్టి, కాసుల పేట సర్ది, అత్తగారిని పెరటి గుమ్మంలోంచి బయటికి పంపి, వీధి గుమ్మంలోంచి లోపలికి పిలిచింది. పోయినవాళ్ళు రావడానికి వీధి తలుపు తీసే ఉంచాలట. గడియ వేద్దామని రెండుసార్లు లేచిన ఫణి రెండుసార్లూ కూర్చోవలసివచ్చింది.

"షిచ్, అమ్మా," అంది ఐవిక కుర్చీ చూపించి. కృష్ణకుమారి కూర్చుంది. కొవ్వొత్తులు వెలిగాయి. ఐవిక ఎదురుగా నిలబడి మారీలో అడిగింది. అక్కడ ఎలా ఉంది, చలిగా ఉందా, తిండి పెడుతున్నారా అని. అనుకున్న ప్రకారం కృష్ణకుమారి తల ఊపి ఊరుకోవాలి. కానీ ఎదురుగా పిల్ల అంత ఆశగా చూస్తుంటే ఉత్త తల ఊపడానికి ఆవిడకి మనసొప్పలేదు.

"బాగానే ఉందమ్మా," అంది తెలుగులో. "చలి లేదు. వేళకి పెడుతున్నారు. మీ అత్తగారి చేతి పప్పు మాత్రం దొరకడం లేదు. ఎంత బాగా చేసేదో మహాతల్లి!"

ఫణి దగ్గాడు. నీహారిక మొహం చిట్లించింది. "కువవాయ్ ఎప్పుడూ అలా చెప్పలేదు. That's cheating, నానమ్మా."

కువవాయ్ అంటే వాళ్ళ భాషలో అమ్మమ్మ. ఐవిక మొహం వాడిపోయింది. బల్ల దగ్గర ఉన్నది అత్తయ్యే, అమ్మ కాదు. కృష్ణకుమారికి సిగ్గేసింది. సిగ్గు కప్పిపుచ్చుకోవడానికి అట్టు తుంచి నోట్లో పెట్టుకుంది. అందులో ఉప్పు లేదు. కంగారులో ఐవిక వెయ్యడం మరిచిపోయింది.

"షించాల్!" అంటూ కృష్ణకుమారి పళ్ళెం ముందుకి తోసింది.

ఇది నటన కాదు, నాలుగేళ్ళ అలవాటు. కుడిచేతి మణికట్టుతో, మూతి ఒక పక్కకి తిప్పి, సరిగ్గా వదినగారు తోసినట్టే తోసింది. నీహారిక, "అదీ!" అంది.

సరిగ్గా అప్పుడే తెరిచిన తలుపులోంచి చలిగాలీ, దానితోపాటు లలితా వచ్చారు. ఎప్పుడో గోంగూర పచ్చడి వేసి ఇచ్చిన స్టీల్ డబ్బా తిరిగి ఇద్దామని వచ్చింది పాపం.

"అక్కయ్యగారూ, మీ డబ్బా..."

"ఓమ్సమ్ పెతిరె!" అని కేకేసింది కృష్ణకుమారి.

లలితకి ఆ భాష తెలియదు గానీ తలుపు మాత్రం మూసేసింది. తను బయట ఉండి మూసింది. డబ్బా మెట్ల మీద దొర్లుకుంటూ పోయింది. వెళ్ళిపోవచ్చు కదా? వెళ్ళిపోతే లలిత ఎందుకవుతుంది! పక్క కిటికీ దగ్గర నిలబడింది.

లోపల ఐవిక నవ్వుతోంది. నలభై రోజుల్లో మొదటిసారి నవ్వుతోంది. నవ్వుతూనే ఉప్పు తెచ్చింది, నవ్వుతూనే కూర్చుని, అట్టు ఒకటి తన పళ్ళెంలో వేసుకుంది. ఆ తర్వాత ప్రశ్నలు వాటంతట అవే వచ్చాయి. కృష్ణకుమారి తనకి వచ్చిన మారీ మాటలన్నీ వాడింది. చాలావరకు తిట్లే. వాటిలో తినమనే తిట్టు ఒకటి, స్వెటర్ వేసుకోమనే తిట్టు ఒకటి, ఫోన్ పక్కన పెట్టమని నీహారికని తిట్టే తిట్టు ఒకటి. నీహారిక నిజంగానే ఫోన్ పక్కన పెట్టింది. పోయినావిడ ఆడాలి కనక, కృష్ణకుమారి చిన్నప్పుడు బళ్ళో నేర్చిన కోలాటం నాలుగు అడుగులు వేసింది, చేతిలో అట్లకాడ, గరిటె పట్టుకుని. కిటికీ అవతల లలిత నుదుటికి చెయ్యి పెట్టుకుంది.

సాగనంపే వేళ అందరూ మెయిల్‌బాక్స్ దాకా నడిచారు. అక్కడ ఆగి ఒక మాట చెప్పి వెళ్ళిపోవాలి. ఏం చెప్పాలో ముందు అనుకోలేదు. వదినగారు తనకెప్పుడూ వెళ్ళొస్తానని చెప్పలేదు కనక ఆ మాట కృష్ణకుమారికి రాదు. ఆవిడకి తెలిసింది ఒకటే. రోజూ పొద్దున్నే ఐవిక ల్యాబ్‌కి బయల్దేరేటప్పుడు, లంచ్ బాక్స్ చేతిలో పెట్టి చాచావి అనేది.

"ఉదిరెమ్," అంది, చెయ్యి ఐవిక చెంప మీద పెట్టి. "కోచ్."

నా తల్లీ, తిను.

ఐవిక తల ఊపింది. కృష్ణకుమారి వెనక్కి తిరక్కుండా వీధి చివరిదాకా నడిచి, ఇంటి వెనకనుంచి వచ్చి, గౌను విప్పి, పసుపు రాసుకుని తలంటుకుంది. బయటికి వచ్చేసరికి కోడలు బల్ల దగ్గర పప్పన్నం తింటోంది. గుమ్మం వైపు చూడ్డం లేదు.

"వెళ్ళింది అత్తయ్యా," అంది.

లలిత చెప్పిన కథ ఈపాటికి పార్సిప్పనీ కూడా చేరే ఉంటుంది. వోడ్కా పోయి విస్కీ అయిందని ఉమామహేశ్వరి మళ్ళీ ఫోన్ చేసి చెప్పింది. అందరి కథలోనూ దయ్యం రష్యన్‌లోనే అరుస్తుంది. ఆరోజు కృష్ణకుమారి మాట్లాడింది మారీ. ఆష్‌బర్న్‌లో ఆ భాష మాట్లాడేవాళ్ళు ఇప్పుడు ఇద్దరు. ఒకరు ఐవిక, రెండోవారు ఆమె అత్తగారు.